వాడిన రాయి - కొత్త ఆసనం: శిల్పాత్మక రాతి ఫర్నిచర్ రూపకల్పనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కూలిన ఇళ్లనుంచి, పూడిపోయిన బావులనుంచి, వాడుక తప్పిన వంటింటి పనిముట్లనుంచి వచ్చే రాయిని బల్లలుగా, పీటలుగా, తిన్నెలుగా మలచడం నేటి రూపకల్పన రంగంలో ఆదరణ పొందుతున్న పని. క్వారీనుంచి వచ్చే కొత్త రాయికి ఆకారం ఇస్తే చాలు. వాడిన రాయికి అప్పటికే ఒక ఆకారం, ఒక అరుగుదల, ఒక పేరు ఉంటాయి. కాబట్టి ఇక్కడ ఏమి చెక్కాలన్న ప్రశ్నకంటే ఏమి చెక్కకూడదన్న ప్రశ్న ముందుకు వస్తుంది. తెలుగు ప్రాంతాల్లో దొరికే పాత రాయి రకాలు, వాటి పరీక్ష, భారం, అమరిక, పనివారి ఆరోగ్యం, చట్టపరమైన హద్దులు అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. రాయితోపాటు దాని పేరునూ వాడుకనూ నమోదు చేయడం రూపకల్పనలో అంతర్భాగం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాపరాయి, రోలు, సన్నికల్లు, అరుగు, పునర్వినియోగం, శిల్పాత్మక ఫర్నిచర్, అమరావతి, పదసంపద.

1. ప్రవేశిక:

రాతి ఆసనం తెలుగువారికి కొత్త కాదు. ఇంటిముందు అరుగు, గుడి ప్రాకారం వెంబడి తిన్నె, ఊరి నడుమ చెట్టు నీడన రచ్చబండ - ఇవన్నీ కూర్చోవడానికి ఏర్పడ్డ రాతి కట్టడాలే. అయితే ఇవి కదలనివి. నేలకూ గోడకూ అంటి ఉండేవి. శిల్పాత్మక ఫర్నిచర్ అనేది వీటికి భిన్నం. అది విడిగా నిలుస్తుంది, చుట్టూ తిరిగి చూడదగిన రూపం కలిగి ఉంటుంది, అదే సమయంలో కూర్చోవడానికో వస్తువు పెట్టుకోవడానికో ఉపయోగపడుతుంది. చూపు కోసం ఉండే శిల్పానికీ ఉపయోగం కోసం ఉండే వస్తువుకూ మధ్య ఉన్న గీతను అది చెరిపివేస్తుంది.

ఈ పనికి వాడిన రాయిని ఎంచుకోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పర్యావరణ సంబంధమైనది. కొండను తవ్వి, పేల్చి, కోసి తెచ్చే రాయికి బదులు ఇప్పటికే తవ్విన రాయిని మళ్లీ వాడితే తవ్వకం అవసరం కొంత తగ్గుతుంది. కట్టడాల నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణకు భారత ప్రభుత్వం 2016లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. రెండవది సౌందర్య సంబంధమైనది. ఏళ్ల తరబడి పాదాలకో చేతులకో తాడుకో ఒరిసిన రాయిలో ఏ యంత్రమూ తేలేని నునుపు ఉంటుంది. ఈ రెండు కారణాలూ సరైనవే. కానీ ఈ రెండింటితోనే సరిపెట్టుకుంటే, ఆ రాయి అంతకుముందు ఏమై ఉండేది, దానిని ఎవరు ఏమని పిలిచేవారు అనే ప్రశ్న వెనుకబడిపోతుంది.

2. తెలుగునాట లభించే పాత రాయి:

తెలుగు ప్రాంతాల్లో కూల్చివేతలనుంచి వచ్చే రాయి ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది నాపరాయి. కడప బండ, బేతంచర్ల బండ, తాండూరు బండ, షాబాదు బండ అని ప్రాంతాన్నిబట్టి పిలిచే పలకలన్నీ సున్నపురాయి జాతికి చెందినవే. కడప, బేతంచర్ల రాళ్లు కడప శిలామండలంలోనివి. తాండూరు, షాబాదు రాళ్లు భీమా నదీ పరీవాహకంలోని పొరలకు చెందినవి. నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడిన రాయి కావడంవల్ల ఇది పొర వెంబడి పలకలుగా లేస్తుంది. అందుకే నేల పరుపుకూ, అటకలకూ, వంటగట్టుకూ, కొన్నిచోట్ల పైకప్పుకూ ఇది అనువైనదయింది.

రెండవది గ్రానైట్ జాతి రాయి. దక్కను పీఠభూమిలో విరివిగా కనిపించే గుండ్లూ బండలూ దీనివే. రోళ్లు, రుబ్బురోళ్లు, తిరుగళ్లు, ద్వారబంధపు గడపలు, స్తంభాలు, పొలం కంచెకూ ద్రాక్ష పందిరికీ నాటే రాతి కూసాలు ఎక్కువగా దీనితోనే చేస్తారు. తెలంగాణలో ఈ కూసాలనే కడీలు అంటారు. పొలం ఇళ్లస్థలంగా మారిన చోట ఇవి గుట్టగా పడి ఉంటాయి. పొడవుగా, ఇరుకుగా, ఒక పక్క ఉలి గంట్లతోనూ మరో పక్క సహజమైన గరుకుతోనూ ఉండే ఈ కడీలు బెంచీకి కాళ్లుగానూ, జత చేర్చితే కూర్చునే పలకగానూ పనికివస్తాయి.

ఈ రెండు రకాల స్వభావాలు వేరు కాబట్టి వాటితో చేసే వస్తువులు కూడా వేరుగా ఉండాలి. నాపరాయి పులుపుకు లొంగుతుంది. చింతపండు పులుసో నిమ్మరసమో కాసేపు నిలిస్తే మెరుగుపెట్టిన ముఖంపై తెల్లని మచ్చ పడుతుంది. కాబట్టి భోజనబల్లకంటే చదువుబల్లకూ పీటకూ అది తగినది. గ్రానైట్‌కు ఆ బెడద లేదు. అయితే అది గట్టిది, దానిని చెక్కడానికి శ్రమ ఎక్కువ. ఆరుబయట ఎండలో ఉంటే వేడిని పట్టి చాలాసేపు విడవదు. రచ్చబండ చెట్టుకిందనే ఉండటంలో సంప్రదాయంతోపాటు ఈ అనుభవజ్ఞానం కూడా ఉంది.

3. రాయిని పరీక్షించే విధానం:

కొత్త రాయికి క్వారీ చరిత్ర తెలుస్తుంది. పాత రాయి ఎక్కడ ఎంత దెబ్బతిన్నదో పైకి తెలియదు. గోడ కూలినప్పుడు పడిన దెబ్బ లోపల పగులుగా మిగిలి ఉండవచ్చు. అందువల్ల చెక్కడానికి ముందు మూడు పరీక్షలు అవసరం.

మొదటిది చెవితో చేసేది. రాయిని రెండు కర్రముక్కలపై ఆనించి చిన్న సుత్తితో అక్కడక్కడ తట్టాలి. గట్టి రాయి ఖంగుమని మోగుతుంది. పగులున్న చోట మొద్దు శబ్దం వస్తుంది. రెండవది నీటితో చేసేది. రాయి అంతటా నీరు చల్లి ఆరనివ్వాలి. ముఖమంతా ఆరిన తరవాత కూడా ఎక్కడైనా సన్నని నల్లగీత తడిగా మిగిలితే అక్కడ నీరు లోపలికి దిగిందని అర్థం. మూడవది కంటితో చేసేది. నాపరాయి అంచును చూస్తే పొరల దిశ తెలుస్తుంది. పలకను పడుకోబెట్టి, పొరలకు అడ్డంగా బరువు పడేలా వాడాలి. అదే పలకను నిలువుగా నిలిపి ఎండకూ వానకూ వదిలితే పొరల మధ్య నీరు చేరి, కాలక్రమంలో రేకులుగా ఊడుతుంది.

4. భారం, మందం, ఎత్తు:

రాయి నొక్కుడును ఎంతగా తట్టుకుంటుందో, వంపును అంత తక్కువగా తట్టుకుంటుంది. స్తంభంగా నిలిపితే వందల టన్నులు మోసే రాయి, రెండు కాళ్లమీద పలకగా పరిస్తే మనిషి బరువుకే విరగవచ్చు. పలకపై కూర్చున్నప్పుడు దాని పైముఖం నొక్కుకుంటుంది, అడుగుముఖం సాగుతుంది. పగులు మొదలయ్యేది ఆ అడుగుముఖంలోనే.

ఇక్కడ ఒక సూత్రం ఉపకరిస్తుంది. కాళ్ల మధ్య దూరమూ కూర్చునేవారి బరువూ మారకుండా పలక మందం రెండింతలైతే, ఆ బరువువల్ల అడుగుముఖంపై పడే ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గుతుంది. మందం పెంచడం సాధ్యం కానప్పుడు కాళ్లను దగ్గర చేయాలి. పలక కొనలకు కాళ్లు పెట్టకుండా, రెండు వైపులా పొడవులో సుమారు ఐదో వంతు లోపలికి జరిపితే పలక స్వంత బరువువల్ల కలిగే వంపు బాగా తగ్గుతుంది. అయితే కొనమీద ఒక్కరే కూర్చుంటే పలక లేవకుండా దాని బరువూ బిగింపూ సరిపోవాలి.

బరువు లెక్క కూడా ముందే వేసుకోవాలి. 150 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక సుమారు 160 కిలోలు తూగుతుంది. అదే పొడవు వెడల్పులతో 4 సెంటీమీటర్ల నాపరాయి దాదాపు 65 కిలోలు ఉంటుంది. మొదటిదాన్ని మోయడానికి మనుషులు, దుంగలు, గొలుసు యంత్రం కావాలి. మేడమీది గదిలో పెట్టేముందు ఆ గది కప్పు తట్టుకుంటుందో లేదో ఇంజనీరు చూడాలి. కూర్చునే ఎత్తు సాధారణంగా 40 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. వృద్ధులు వాడే ఆసనమైతే కొంచెం ఎత్తు ఉండటమే మేలు.

కాళ్లనూ పలకనూ కలిపే చోట మామూలు ఇనుప చీల వాడరాదు. తేమకు తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, రాతిని లోపలినుంచి చీలుస్తుంది. తుప్పు పట్టని ఉక్కు చీలలు వాడాలి. రంధ్రాలను వీలైనంత తక్కువగా, రాయికి ఇదివరకే ఉన్న గుంటలను ఉపయోగించుకొంటూ వేయాలి. జిగురుతో శాశ్వతంగా అతికించడంకంటే, విప్పితే మళ్లీ విడిపోయే అమరికే వాడిన రాయికి తగినది. ఒకసారి చేతులు మారిన రాయి మరోసారి మారదని అనుకోవడానికి ఆధారం లేదు.

5. ఎంత చెక్కాలి?

ఉలి దెబ్బలు తిన్న రాయే శిల్పమవుతుందన్నది నానుడి. ఈ పనిలో ఆ మాట అసంపూర్ణంగా అనిపిస్తుంది. ఎందుకంటే రాయి ఇప్పటికే దెబ్బలు తిని ఉంది.

అతితక్కువ చెక్కడంతో ఆసనం ఎలా పుడుతుందో చూపిన కళాకారులలో అమెరికన్ శిల్పి స్కాట్ బర్టన్ (1939-1989) ముఖ్యుడు. 1980-81లో ఆయన రూపొందించిన జంట రాతికుర్చీలు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం సేకరణలో ఉన్నాయి. సహజమైన గుండును ఎంచుకొని, కూర్చోవడానికి ఒక అడ్డుకోత, వీపు ఆనడానికి ఒక నిలువుకోత, నేలపై కుదురుగా నిలవడానికి అడుగున ఒక కోత - అంతే. ముందునుంచి చూస్తే కుర్చీ, వెనుకనుంచి చూస్తే గుండు. బర్టన్ వాడినది ప్రకృతి మలచిన రాయి. మనుషులు మలిచిన పాత రాయికి ఇదే మితాన్ని అన్వయిస్తే, చెక్కే ప్రతి చోటా మరొకరి పని చెరిగిపోతుందన్న ఎరుక అదనంగా చేరుతుంది.

పాత రాయిని తిరిగి చెక్కడం తెలుగునేలపై ప్రాచీనమైన అభ్యాసం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి స్తూప ఫలకం ఒకటి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని ఒక ముఖంపై క్రీస్తుపూర్వపు కాలానికి చెందిన చెక్కడం ఉంది. బోధివృక్షం, దానికింద బుద్ధుని ఉనికిని సూచించే ఖాళీ ఆసనం, చుట్టూ ఉపాసకులు కనిపిస్తారు. కొన్ని శతాబ్దాల తరవాత, క్రీ.శ. 3వ శతాబ్ది ప్రాంతంలో, అదే ఫలకాన్ని వెనుకకు తిప్పి రెండవ ముఖంపై అలంకృతమైన స్తూపాన్ని చెక్కారు. కొత్త శిల్పి పాత చెక్కడాన్ని తుడిచివేయలేదు, మరో ముఖాన్ని ఎంచుకున్నాడు. కారణం భక్తి కావచ్చు, శ్రమ తగ్గించుకోవడం కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే: నేడు రెండు కాలాలూ ఒకే రాతిలో చదవడానికి మిగిలాయి.

దీనినుంచి నేటి రూపకర్తకు ఒక పద్ధతి లభిస్తుంది. వాడిన రాయికి ఎప్పుడూ ఒక మాట్లాడే ముఖం ఉంటుంది. గడపరాయిలో అది నడుమ పడిన అరుగుదల. బావి ఒరలో చేదతాడు ఒరిపిడికి పడిన గాడి. తిరుగలిలో కక్కు కొట్టిన గంట్లు. రుబ్బురోలులో పొత్రం తిరిగి తిరిగి నునుపుదేలిన గుంట. కోత, రంధ్రం, మెరుగు ఏవి అవసరమైనా వాటిని మాట్లాడని ముఖాలపై చేయాలి. గడపరాయిని బెంచీగా మార్చేటప్పుడు అరిగిన నడుమభాగాన్ని సమంగా నూరితే మిగిలేది మామూలు పలక. దానినే ఉంచితే, పాదాలు అరగదీసిన వంపు కూర్చునేవారికి సహజమైన కుదురవుతుంది.

6. చెక్కకూడని రాళ్లు:

అమరావతి మరో పాఠం కూడా నేర్పుతుంది. 18వ శతాబ్ది చివరలో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసేనాటికే అక్కడి ఫలకాలను కొత్త కట్టడాలకు తరలించడం మొదలైంది. చాలా ఫలకాలు సున్నం కోసం కాల్చివేతకు గురయ్యాయి. పల్నాటి పాలరాయిగా పేరుబడిన ఆ రాయి నిజానికి సున్నపురాయే కావడం వాటి పాలిట శాపమయింది. ఫలకాన్ని తిప్పి చెక్కడమూ పునర్వినియోగమే, బట్టీలో వేయడమూ పునర్వినియోగమే. కాబట్టి పునర్వినియోగం అనే మాటకు దానంతట అది నైతిక విలువ ఇవ్వలేము.

రోమ్‌లో 315లో వెలసిన కాన్‌స్టంటైన్ విజయతోరణంలో ట్రాజన్, హాడ్రియన్, మార్కస్ ఆరీలియస్‌ల కాలపు శిల్పఫలకాలను తెచ్చి పొదిగారు. ఇలాంటి రాళ్లకు కళాచరిత్రకారులు వాడే స్పోలియా అనే లాటిన్ మాటకు మూలార్థం కొల్లసొమ్ము. తిరిగి వాడటంలో వారసత్వమూ కొల్లగొట్టడమూ ఎంత దగ్గరగా ఉంటాయో ఆ మాటే చెబుతుంది.

ఆచరణలో హద్దు స్పష్టంగానే ఉంది. అక్షరం ఉన్న రాయి, దేవతారూపం ఉన్న రాయి, వీరగల్లు, బొడ్రాయి, సమాధి రాయి - ఇవి ఫర్నిచర్‌కు ముడిసరుకు కావు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం కనీసం నూరేళ్ల నాటి శిల్పం, శాసనం వంటివి పురావస్తువు నిర్వచనంలోకి వస్తాయి. భూమిలో దాగి దొరికిన విలువైన వస్తువుల గురించి అధికారులకు తెలపాలని 1878 నాటి నిధి చట్టం నిర్దేశిస్తుంది. అక్షరాలు మట్టితో పూడి ఉండవచ్చు, చెక్కిన ముఖం గోడలోపలికి తిరిగి ఉండవచ్చు. కాబట్టి కూల్చివేతలో వచ్చిన ప్రతి పెద్ద రాయినీ అన్ని వైపులా కడిగి, ఏటవాలు వెలుతురులో చూడటం మొదటి పని కావాలి. రాజవంశాల కాలనిర్ణయం అనేకచోట్ల శాసనాలపైనే ఆధారపడి ఉన్నప్పుడు, ఒక పలకను చూడకుండా కోయడం చరిత్రలో ఒక పుటను చింపడమే అవుతుంది.

చట్టం పట్టించుకోని, ఆచారం పట్టించుకునే రాళ్లు మరికొన్ని ఉన్నాయి. గడపమీద కూర్చోరాదని, రోలుమీద కూర్చోరాదని తెలుగు ఇళ్లలో పెద్దలు వారిస్తారు. పెళ్లిపనులు మొదలుపెట్టేటప్పుడు రోలుకూ తిరుగలికీ పసుపు కుంకుమలు పెడతారు. వివాహంలో వధువుచేత సన్నికల్లు తొక్కిస్తారు. ఇలాంటి వస్తువును పీటగా మార్చి అమ్మితే కొనేవారి కంటికి అందంగా ఉండవచ్చు, ఇచ్చినవారి మనసుకు నొప్పి కలగవచ్చు. రూపకర్తకు ఇది అడ్డంకి కానవసరం లేదు, దిశానిర్దేశం కావచ్చు. రోలును ఆసనంగా కాక బల్లకు ఆధారంగా, దీపపు దిమ్మెగా, నీటితొట్టిగా వాడితే ఆ మర్యాద నిలుస్తుంది, గుంటకూ ఒక పని దొరుకుతుంది. గడపరాయి విషయంలోనూ నిర్ణయం రాయినిచ్చిన కుటుంబాన్ని అడిగి తీసుకోవలసిందే.

7. చెక్కేవారి ఊపిరి:

రాతి ఫర్నిచర్ గురించిన చర్చల్లో రూపకర్త పేరు వినిపిస్తుంది, చెక్కిన చేతుల పేరు వినిపించదు. తెలుగు ప్రాంతాల్లో రాతిపనిని వృత్తిగా నిలిపిన వారిలో వడ్డెరలు ప్రముఖులు. రాతిలో వరుసగా రంధ్రాలు వేసి, చీలలు దించి, సమ్మెటతో వంతులవారీగా కొడుతూ గుండును కావలసిన గీత వెంబడి చీల్చే నైపుణ్యం వారిది. నేడు ఆ స్థానంలోకి విద్యుత్ కోత యంత్రం వచ్చింది. దానితోపాటు సన్నని ధూళి కూడా వచ్చింది.

గ్రానైట్‌లో ఉండే స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని వ్యాధికి దారితీస్తుంది. పనిచోట పీల్చే ఈ ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నీటిధారతో తడుపుతూ కోయడం, ధూళిని లాగే యంత్రం అమర్చడం, ముఖానికి సరిపడే నాణ్యమైన మాస్కు ఇవ్వడం కనీస అవసరాలు. ముక్కుకు కట్టుకునే గుడ్డ ఈ ధూళిని ఆపలేదు. తక్కువ చెక్కాలన్న సౌందర్యసూత్రం ఇక్కడ ఆరోగ్యసూత్రంగా కూడా మారుతుంది. కోత ఎంత తగ్గితే ధూళి అంత తగ్గుతుంది.

8. రాయితోపాటు మాట:

తెలుగు సాహిత్య, భాషా పరిశోధకులకు ఈ విషయంతో ఉన్న ప్రత్యక్ష సంబంధం పదసంపద. సన్నికల్లు, వీరగల్లు అనే మాటల్లో రాయి అనే అర్థంలో ఉన్న కల్లు, విడిపదంగా నేటి వాడుకలో దాదాపు లేదు. సమాసాల్లో మాత్రమే మిగిలింది. సన్నికల్లు వంటింట్లో లేకపోతే ఆ సమాసం పెళ్లి తంతుకే పరిమితమవుతుంది. పొత్రం, కక్కు, ఒర, కూసం, కడీ వంటి మాటల పరిస్థితీ ఇదే. రాతిపనివారిని సూచించే కాసె అనే పదం ఇప్పుడు నిఘంటువులో వెతుక్కోవలసినదయింది.

పాత రోలు ఒక అతిథిగృహంలో బల్లకాలుగా నిలిచినప్పుడు రాయి మిగులుతుంది. దానిని చూసేవారికి అది రోలని తెలియకపోతే మాట మిగలదు. రాయిని కాపాడామన్న తృప్తి, మాటను పోగొట్టుకున్న సంగతిని కప్పివేస్తుంది.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగే ప్రాంతంలోని కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించినట్లు, కట్టడాన్ని విప్పి మరోచోట తిరిగి నిలపాలంటే ప్రతి రాయికీ ఒక సంఖ్య, ఒక స్థానం నమోదు కావాలి. ఒక పీట చేయడానికి అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు, అదే పద్ధతి చిన్నరూపంలో చాలు. రాయి ఏ ఊరిది, ఏ కట్టడంలో ఏ చోట ఉండేది, ఆ ఊరివారు దానిని ఏమని పిలిచేవారు, దానితో ఏ పని చేసేవారు, చెక్కకముందు కొలతలు ఎంత, ఎవరు చెక్కారు - ఈ ఆరు వివరాలు, రెండు ఛాయాచిత్రాలు. ఇది కొనేవారి చేతికి వస్తువుతోపాటు అందాలి. ఒక ప్రతి సమీప కళాశాల తెలుగు శాఖలో చేరితే, మాండలిక పదకోశానికి వస్తువు ఆధారంగా సేకరించిన సమాచారం సమకూరుతుంది. విద్యార్థుల క్షేత్రపర్యటనలకు కూల్చివేత జరుగుతున్న పాత ఇల్లు తగిన చోటే.

9. ముగింపు:

వాడిన రాయితో శిల్పాత్మక ఫర్నిచర్ చేయడంలో సాంకేతిక ప్రశ్నలకు సమాధానాలు తెలిసినవే. మోగే రాయిని ఎంచుకోవాలి, పొరల దిశను గమనించాలి, మందానికి తగిన దూరంలో కాళ్లు నిలపాలి, తుప్పు పట్టని చీలతో బిగించాలి, తడిపి కోయాలి. వీటిని ఎవరైనా నేర్చుకోవచ్చు. కష్టమైనది ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోవడం. పాత చేతిపనిని చెరపకుండా మాట్లాడని ముఖంపైనే పనిచేయడం ఒక హద్దు. అక్షరమో ఆరాధనో స్మృతియో ఉన్న రాయిని తాకకపోవడం మరో హద్దు. ఆ రాయినిచ్చిన ఇంటివారి మాటను వినడం మూడవది.

అమరావతి ఫలకాన్ని తిప్పి చెక్కిన అజ్ఞాతశిల్పి పేరు తెలియదు. దాని మొదటి ముఖాన్ని చెక్కినవాని పేరూ తెలియదు. ఇద్దరి పనీ మిగిలింది. నేటి రూపకర్తకు ఒక సౌకర్యం ఉంది: రాసిపెట్టుకోవడం. ఒక రాతిపీట అడుగున ఊరి పేరు, రాయి పేరు, చెక్కినవారి పేరు చేరితే అది అలంకారవస్తువుగానే కాక ఆధారపత్రంగా కూడా నిలుస్తుంది. ఆ నమోదుకు కావలసిన మాటలు ఇంకా కొందరు పెద్దల నోట ఉన్నాయి. వాటిని అడిగి రాసుకోవడం రాయిని చెక్కడానికంటే ముందే జరగవలసిన పని.